బడికి తాళం, బిడ్డకు ఆర్డరు

సర్కారు ఒక బడిని మూయాలంటే ఒక్క కాగితం చాలు. అందులో చదివే పిల్లలు మర్నాడు ఎక్కడికెళ్లాలో చెప్పడానికి ఎన్ని కాగితాలు కావాలి? కశ్మీరులో దానికి ఒక వాక్యం సరిపోయింది.

1975, ఎమర్జెన్సీ. షేక్ అబ్దుల్లా ప్రభుత్వం జమాతె ఇస్లామీని నిషేధించి దాని బడులు మూసింది. జమాత్ చెప్పుకున్న లెక్క ప్రకారం 125 బడులు, 550 మందికి పైగా పంతుళ్లు, 25,000 మంది పిల్లలు. మళ్లీ 1990లో, గవర్నరు పాలనలో, ఆ సంస్థకు చెందిన ఫలాహె ఆమ్ ట్రస్టు మీద నిషేధం. ఆ తర్వాత కూడా చాలా బడులు ఊరి కమిటీల చేతుల్లో నడుస్తూనే వచ్చాయి.

జమాత్ రాజకీయం మీద నాకు ప్రేమేమీ లేదు. పిల్లల బుర్రల్ని పార్టీకి కట్టేసే బడి ఎవరిదైనా తప్పే. కానీ ఆ బడికి బిడ్డను పంపిన ప్రతి తండ్రీ జమాత్ మనిషేనా? ఇంటికి దగ్గర, ఫీజు తక్కువ, పంతులు రోజూ వస్తాడు. పేదోడు బడిని చూసుకునే తీరు అదే.

2019లో కేంద్రం జమాత్‌ను నిషేధించింది. 2022 జూన్‌లో జమ్ము కశ్మీరు విద్యాశాఖ ఉత్తర్వు ఇచ్చింది: ట్రస్టు బడులకు 15 రోజుల్లో సీలు వెయ్యాలి, కొత్త అడ్మిషన్లు వద్దు, పిల్లలు దగ్గర్లోని సర్కారు బడుల్లో చేరాలి, అందుకు అధికారులు సాయపడాలి. 300కు పైగా బడులని పత్రికలు రాశాయి.

'చేరాలి' అన్న మాట దగ్గర ఆగండి. చేరాల్సింది పిల్లలు. బడి మూసింది సర్కారు, నడవాల్సింది బిడ్డ. ఆ దగ్గరి బడిలో గదులున్నాయా? పంతుళ్లున్నారా? పదో తరగతి పిల్లకు టీసీ ఎవరిస్తారు, సీలు పడ్డ గదిలో ఉన్న రిజిస్టరు ఎవరు తెస్తారు? పక్క ఊరికి మంచులో నడవలేని ఆడపిల్ల ఇంట్లోనే ఉండిపోతే ఆ లెక్క ఏ ఖాతాలో రాస్తారు? సీలుకు గడువు పెట్టినవాళ్లు గదులకూ పంతుళ్లకూ కూడా గడువు పెట్టాలి కదా!

హైదరాబాదులో కూర్చుని కశ్మీరు బడుల గోల మనకెందుకంటారా? టోపీ పెట్టుకుని మదర్సా నుంచి వచ్చే పిల్లాడి మీద వీధి చూపు ఎలా పడుతుందో మనకు తెలుసు. బడి పేరే నేరమైపోయాక, కొత్త బడిలో ఆ పిల్లాణ్ణి పక్క బెంచీవాడు ఏమని పిలుస్తాడు?

2025 ఆగస్టులో దారి మారింది. పిల్లల్ని కదపలేదు, యాజమాన్యాన్ని కదిపారు. 215 బడులు, 51,000 మందికి పైగా విద్యార్థులు. కమిటీల గడువు ముగిసిందనీ, కొన్నింటి మీద నిఘా సంస్థల నివేదికలు బాగా లేవనీ చెప్పి, నిర్వహణను జిల్లా మేజిస్ట్రేట్ల చేతికిచ్చారు. పిల్లల కోణంలో ఇది 2022 కన్నా మేలే, ఒప్పుకోవాలి. అప్పుడు ముఖ్యమంత్రి షేక్ అబ్దుల్లా మనవడు ఒమర్. ఆయన విద్యామంత్రి సకీనా ఇట్టూ మాత్రం, తమ శాఖ అనుకున్నది పక్క బడుల ప్రిన్సిపాళ్లు చూసుకోవాలనీ, ఉత్తర్వులో మాట మారిపోయిందనీ అన్నారు.

ఆ మర్నాడు అధికారులు బడులకు వెళ్లారు. వెంట పోలీసులు కూడా ఉన్నారు.