అంగడికి తోలిన పశువు: చూపడమా, దాచడమా?



రేపు తెల్లవారుజామున మీరు ఒక ఎద్దునో, బర్రెనో అంగడికి తోలుకొని పోవలసి ఉన్నదనుకోండి. ఈ రాత్రి మీ ఇంట్లో ఏ మాటలు జరుగుతవి? కడిగి తోలుదామా? కొమ్ములకు ఆముదం రాద్దామా? మెడకు మువ్వలు కడదామా? ఈ పూట పాలు పితుకుదామా, పొదుగు నిండుగా కనపడేటట్లు వదిలేద్దామా? బర్రెకు తన్నే గుణమున్నదని ముందే చెబుదామా, అడిగినప్పుడు చూసుకుందామా?

ఇది ఈనాటి ప్రశ్న కాదు. పశువుకు ధర కట్టడం మొదలైననాటి నుండి రైతు ఇంట్లో నడుస్తున్న ప్రశ్నే. దీనికి మన పెద్దలు ఏ జవాబు చెప్పుకున్నారో, దానివల్ల వారికి కలిగిన లాభనష్టాలేమిటో ఈవేళ కొంచెం విచారించుకుందాము.

ఇప్పుడు కుత్బుల్లాపూర్ అనగానే కర్మాగారాలు, మేడలు, బస్సులు గుర్తుకు వస్తవి. 2007లో అది హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసిపోయినది. కాని జీడిమెట్ల, సూరారం, బహదూర్‌పల్లి, దుండిగల్ ఒకప్పుడు అచ్చమైన పల్లెలే. నిజాం కాలంలో మేడ్చల్ తాలూకా అత్రాఫ్ బల్దా జిల్లాలో ఉండేది. అత్రాఫ్ బల్దా అంటే పట్నం చుట్టుపక్కల ప్రాంతమని అర్థం. ఆ భూములు సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత ఖజానాకు చెందినవి. 1949లో సర్ఫేఖాసును ప్రభుత్వంలో కలిపినారు.

పట్నం పక్కనున్న ఈ రైతులకు రెండు రకాల పశువులతో పని. ఒకటి, దున్నడానికి, బండికి, మోటకు ఎద్దులు. రెండు, పట్నానికి పాలుపోసే బర్రెలు. మోట ఎద్దు అంటే ఏ ఎద్దయినా సరిపోదు. నిండిన బొక్కెన పైకి రావడానికి వాలులో కిందికి నడవాలి, మళ్ళీ వెనక అడుగు వేసుకుంటూ బావి దగ్గరికి రావాలి. ఈ నడక నేర్చిన జతకు ఉన్న విలువ, విడివిడిగా రెండెద్దులకు ఉండదు. గనుక అమ్మేవాడు మొదట తేల్చుకోవలసిన సంగతి ఇదే. జతగా చూపాలా, విడిగా చూపాలా? పెండ్లి ఖర్చుకో, అప్పుకో ఒక్క ఎద్దును అమ్మినవాడు ఇంట మిగిలిన రెండోదాని విలువను కూడా తగ్గించుకున్నవాడే.

ఇక అంగడిలో బేరం ఎట్లా నడిచేదో చూడండి. దళారి ఒక తువ్వాలు తీసి చేతిమీద కప్పుతాడు. తువ్వాలు కింద వేళ్ళు పట్టి ధర చెబుతాడు. ఒక వేలు పడితే ఒకటి, అయిదు వేళ్ళూ పడితే అయిదు. పదులా, వందలా అన్నది మాత్రం నోటితో అంటాడు. చుట్టూ పదిమంది నిలబడ్డా ధర ఎవరికీ తెలియదు. హైదరాబాదు రాజ్యంలో మరొక చిక్కు కూడా ఉండేది. హాలీ సిక్కా ఏడు రూపాయలు ఇంగ్లీషు కల్దారు ఆరు రూపాయలకు సమానం. వేళ్ళమీద ధర కుదిరిన తరువాత కూడా "హాలీయా, కల్దారా?" అని అడగక తప్పేది కాదు.

గుడ్డ చాటున జరిగే బేరంవల్ల ఎవరికి లాభం? పక్క ఎద్దు ఎంతకు పోయిందో అమ్మేవానికి తెలియదు, కొనేవానికీ తెలియదు. ఆ పొద్దు ధరలన్నీ తెలిసినవాడు దళారి ఒక్కడే. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అన్న సామెత ఊరికే పుట్టలేదు సోదరులారా. పొద్దు వాలినకొద్దీ అమ్మేవాని ధర కూడా వాలుతుంది. పశువును తిరిగి ఇంటికి తోలుకపోవడమంటే దారి శ్రమ, మేత ఖర్చు, ఊళ్ళో నగుబాటు కూడాను.

ధర తన చేతిలో లేనప్పుడు రైతు తన చేతిలో ఉన్నదాన్ని పట్టుకున్నాడు. అది పశువు రూపము. ఇక్కడే ముస్తాబు మొదలైనది. కడగడం, కొమ్ములకు నూనె రాయడం, గజ్జెలు కట్టడం నిర్దోషమైన పనులే. పెండ్లిచూపులకు పిల్లకు మంచి చీర కట్టినట్లే అనుకోవచ్చు. కాని ముస్తాబు అక్కడ ఆగలేదు.

పశువు వయసు నోరు చెబుతుంది. పశువుకు పైదవడన ముందుపళ్ళు ఉండవు. కింది దవడన ఎనిమిది ఉంటవి. రెండు, రెండున్నర ఏళ్ళకు మొదటి జత పాలపళ్ళు పోయి పెద్ద పళ్ళు వస్తవి. తరువాత సుమారు ఏడాదికొక జత చొప్పున వచ్చి, అయిదేళ్ళు నిండేసరికి ఎనిమిదీ పూర్తి అవుతవి. అందుకే మనవాళ్ళు "రెండు పళ్ళది, నాలుగు పళ్ళది" అని వయసు చెబుతారు. ఎనిమిదీ వచ్చిన తరువాత అరుగుదల చూడాలి, కొమ్ముమీది ఉంగరాలు లెక్కపెట్టాలి. ఆవుకు ఉంగరాల లెక్కకు రెండు కలిపితే వయసు ఇంచుమించుగా తెలుస్తుంది. ఇది తెలిసిన వ్యాపారి ఏం చేసినాడు? ఆకురాయితో ఉంగరాలు గీకి, నూనె రాసి, కొమ్మును నున్నగా మెరిపించినాడు. మెరిసే కొమ్ము చూసి సంతోషపడినవాడు ముసలి ఆవును ఇంటికి తోలుకపోయినాడు.

పాలబర్రె సంగతి ఇంకా కష్టం. ఒక పూట పితకకుండా అంగడికి తోలితే పొదుగు బిగిసి పెద్దగా కనపడుతుంది. నొప్పితో ఆ నోరులేని జీవం కాళ్ళు ఎడంగా వేసి నడుస్తుంది. కొనేవాడు దానిని పాడి అనుకుంటాడు. పాలు నిలవ ఉంటే పొదుగువాపు వచ్చే ప్రమాదం ఎక్కువ. నాలుగు చన్నుల్లో ఒకటి చెడిపోతే, నష్టం కొన్నవానిదే. పశువు సుడిమీద కూడా ఇట్లాంటి మాయలే జరిగేవి. చెడ్డ సుడి అని పేరుపడ్డ చోట వెంట్రుకలు కత్తిరించి కనపడకుండా చేసేవారు. నిజానికి సుడికీ పశువు పనికీ, పాలకూ ఏ సంబంధమూ లేదు. కొనేవాని భయమే దానికి ధర తగ్గించింది, ఆ భయమే అమ్మేవానికి కత్తెర పట్టించింది.

ఈ దాపరికంలో అన్నిటికన్నా పెద్ద ముప్పు రోగము. ముసర రోగం ఉన్న రోజుల్లో, అంగడి నుండి తెచ్చిన ఒక్క పశువుతో ఊరి మందలే పోయేవి. జ్వరంతో ఉన్నదానిని కడిగి, మువ్వలు కట్టి అమ్మినవాడు ఒక్క రైతును మోసం చేసినట్లు కాదు, ఒక ఊరి అరకలన్నీ నిలబెట్టినట్లు. టీకాలవల్ల ఆ రోగం ప్రపంచమంతటా అంతరించినదని 2011లో ప్రకటించినారు. గాలికుంటు మాత్రం ఇంకా పోలేదు. అది కూడా నలుగురి పశువులు కలిసే అంగడినుండే ఊళ్ళకు చేరుతుంది.

ఇప్పుడు అసలు సంగతి వినండి. పదిమందిలో నలుగురు దాస్తారని తెలిసిన కొనుగోలుదారు, పదిమంది పశువులకూ ధర తగ్గించే అడుగుతాడు. మీ బర్రె నిజంగా పూటకు నాలుగు శేర్లు ఇస్తున్నా, "అందరూ అట్లాగే అంటారు" అని మూడుకే ధర కడతాడు. బర్రెను మడుగులో ఉంచి బేరమాడినట్లు, కనపడని సగానికి ఎవడూ డబ్బు ఇవ్వడు. అంటే పొరుగువాడు చేసిన మోసానికి జరిమానా కట్టేది నిజాయితీ గల రైతే. మంచి పశువులున్నవారు విసిగి అంగడికి తోలడం మానేస్తే, అక్కడికి చేరేవి మిగతా పశువులే. అంగడి పేరు ఇంకా చెడుతుంది.

ఈ ముడిని విప్పినవారు లేరా అంటే, ఉన్నారు. ఇంగ్లండులో చార్లెస్ కోలింగ్ అనే రైతు 1810లో తన పశువులను బహిరంగంగా వేలం వేసినాడు. అందులో కామెట్ అనే ఆబోతు వెయ్యి గినీలకు పోయినది. అంత ధర దానికి ముందు ఏ ఆబోతుకూ రాలేదు. గుడ్డచాటు బేరం కాదు, అందరి ముందు పాట. కాని వేలంలో పశువు నిలబడేది కొద్ది నిమిషాలే. అక్కడ పాలు పితికి చూడరు, అరక కట్టి చూడరు. మరి అంత డబ్బు దేనిని నమ్మి పెట్టినారు? దాని తల్లిదండ్రులెవరో, ఆ మందకున్న పేరేమిటో వారికి తెలుసు. 1822లో జార్జి కోట్స్ ఆ జాతి పశువుల వంశావళిని పుస్తకంగానే అచ్చువేయించినాడు.

రెండో ఉదాహరణ మన ఇంటిదే, మన ఒంగోలు జాతి. పందొమ్మిదో శతాబ్దిలోనే అద్దంకిలో పశు ప్రదర్శనలు జరిగినవి. తెల్లని ఒళ్ళు, పొట్టి కొమ్ములు, నిండు మూపురం, వేలాడే గంగడోలు చూసి కొనడానికి దూరప్రాంతాల వ్యాపారులు వచ్చేవారు. ఆనాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది గనుక, సముద్రం దాటినప్పుడు ఈ పశువులు 'నెలోర్' అయినవి. 1878లో లెమ్‌గ్రూబర్ అనే బ్రెజిలు రైతు జర్మనీలోని హాంబర్గు జంతుప్రదర్శనశాలలో ఒక జతను కొని తీసుకపోయినాడు. 1938లో బ్రెజిలువారు ఈ జాతికి అధికారిక వంశావళి పట్టిక మొదలుపెట్టినారు. 1960ల మొదట్లో మళ్ళీ మన పల్లెలకు వచ్చి మేలైన కోడెలను ఏరుకొని పోయినారు. వాటిలో ఒకదానికి ఒంగోలు దగ్గరి కరవది ఊరిపేరే నిలిచిపోయినది.

ఫలితం ఏమైనదంటే, 2023లో బ్రెజిలులో వయాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడోవంతు వాటాను వేలం వేస్తే, ఆ లెక్కన మొత్తం ఆవు విలువ సుమారు 43 లక్షల డాలర్లు అయినది. ఆ రక్తం మన పల్లెలదే. మన దగ్గర ఆ పశువు రూపానికి మాత్రమే ధర పలికింది. వారు రూపం పక్కన రాత కూడా పెట్టినారు. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, దూడ ఏ వయసుకు ఎంత తూగింది అని తరతరాలుగా రాసిపెట్టినారు. కొనేవాడు చూసేది అందాన్నే అయినా, నమ్మేది ఆ రాతను.

మన ప్రభుత్వాలు కూడా ఊరకుండలేదు. 1928లో లిన్‌లిత్‌గో ప్రభువు అధ్యక్షతన రాయల్ కమిషన్ వ్యవసాయంపై ఇచ్చిన నివేదిక, మార్కెట్లలో రైతుకు జరిగే అన్యాయాలను ఎత్తిచూపింది. 1930లో హైదరాబాదు రాజ్యం వ్యవసాయ మార్కెట్ల చట్టం చేసినది. 1966 నాటి ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం పేరులోనే పంటతోపాటు పశుసంపదను కూడా చేర్చినారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, పాలు చేపించడానికి చేసే 'ఫూకా' అనే క్రూరమైన పనిని నేరమన్నది. 2017 మే నెలలో కేంద్రం తెచ్చిన పశువుల అంగళ్ళ నియమాలు కొమ్ములకు రంగు వేయడాన్ని, నగలతో అలంకరించడాన్ని కూడా వద్దన్నవి. అమ్మకాలపై పెట్టిన మరికొన్ని షరతులవల్ల వాటిమీద వివాదం లేచి, ఆ జూలైలోనే సుప్రీంకోర్టులో దేశమంతటికీ వాటి అమలు నిలిచిపోయినది.

చట్టం మోసాన్ని శిక్షించగలదు గాని, నమ్మకాన్ని పుట్టించలేదు. ఆ పని మనమే చేసుకోవాలి. మోసగాడు ఇవ్వలేని రుజువును మనం ఇవ్వాలి.

పాలబర్రె అయితే మామూలు వేళకు పితికే తోలండి. ఎక్కువ ధర గల పశువైతే "మా ఇంటికి రండి, వరుసగా మూడు పూటలు మీ ఎదుట పితుకుతాము" అనండి. దొంగపొదుగు వానికి ఆ మాట నోటరాదు. దూడను వెంట ఉంచండి. పాలు ఏ నెలలో ఎన్ని ఇచ్చిందో, ఎప్పుడు ఎదకు వచ్చిందో, ఎప్పుడు ఈనిందో ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. ఎద్దులనైతే బండికట్టి, బరువువేసి చూపండి. నోరు మీరే తెరిచి పళ్ళు చూపండి. చెవిపోగుమీది పన్నెండు అంకెల సంఖ్య, గాలికుంటు టీకా వేసిన తేదీ కాగితం మీద ఉంచండి. ఆ టీకాలను 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితంగానే వేస్తున్నారు.

బరువును కూడా అంచనా వేసుకొని పోండి. ముందుకాళ్ళ వెనుక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో కొలిచి, దానిని దానితోనే గుణించండి. భుజం మొన నుండి తోక పక్క ఎముక వరకు పొడవుతో మళ్ళీ గుణించి, 660తో భాగించండి. ఛాతీ 65, పొడవు 55 అంగుళాలైతే సుమారు 352 కిలోలు. కాటా అంత కచ్చితం కాదు గాని, దళారి కంటిచూపుకన్నా మేలు.

దోషముంటే ముందే చెప్పండి. "కుడివైపు కూర్చుంటే తన్నుతుంది, ఎడమనుండి పితకాలి" అని చెప్పినవాని మిగతా మాటలు కూడా కొనేవాడు నమ్ముతాడు. ఆ రోజు వంద తగ్గవచ్చు. వచ్చే ఏడు అతడే మీ పెయ్యను అడుగుతూ ఇంటికి వస్తాడు. అప్పుడు మీకు దళారి అక్కరలేదు, తువ్వాలూ అక్కరలేదు.

విస్తరణాధికారులకు ఒక మనవి. అంగడికి పోయే ముందురోజు రైతుకు కావలసింది ఉపన్యాసం కాదు, కొలిచే టేపు, టీకా కాగితం, పాల పుస్తకం. ఆ మూడూ అందించితే చాలు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాము. కడిగి తోలండి, శుభ్రత పశువుకూ మంచిదే. మువ్వలు మీ ముచ్చట. పొదుగు మాత్రం బిగబట్టకండి, కొమ్ము గీకకండి, రోగమున్నదానిని గడప దాటించకండి.