రెయిన్‌కోట్స్: ఎవరు చెబితే విన్నాం?

మొదటిసారి విన్నప్పుడు రెయిన్‌కోట్స్ పాటలు నాకు నచ్చలేదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. లండన్‌లో చదువుకుంటున్న స్నేహితురాలు సెలవులకి హైదరాబాద్ వస్తూ ఒక సీడీ తెచ్చింది. నలుగురు ఆడవాళ్లు 1979లో చేసిన రికార్డు. పదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్న చెవి నాది. వయొలిన్ గీరుతున్నట్టుంది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి పాడుతున్నారుగానీ ఒకరికోసం ఒకరు ఆగరు. డ్రమ్స్ ముందుకు పరుగెత్తి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కొస్తాయి.

"వీళ్లకి వాయించడం రాదే!" అన్నాను.

"అప్పట్లోనూ అదే అన్నార్లే," అంది నవ్వుతూ.

సరిగ్గా ఆ వారమే ఒక పత్రికకి ఓ అమ్మాయి తొలి కథల సంపుటి మీద సమీక్ష రాసి పంపాను. అందులో ఒక వాక్యం, "శిల్పం మీద ఇంకా పట్టు చిక్కలేదు." ఆ వాక్యం, ఆ వయొలిన్ నా మనసులో ముడిపడిపోయాయి. అందుకే ఆ బృందం చరిత్ర వెతుక్కుంటూ పోయాను.

అనా ద సిల్వా పోర్చుగల్‌కి చెందిన మదీరా దీవి నుంచి వచ్చింది. గీనా బర్చ్‌ది ఇంగ్లండులోని నాటింగ్‌హామ్. ఇద్దరూ లండన్‌లోని హార్న్‌సీ ఆర్ట్ కాలేజీలో కలుసుకున్నారు. అది 1977, పంక్ సంగీతం ఊపేస్తున్న ఏడాది. పంక్ చెప్పింది ఒకటే: వాయించడం వచ్చాక వేదిక ఎక్కనక్కర్లేదు, ఎక్కి నేర్చుకో. ఈ స్వేచ్ఛని ముందుగా వాడుకున్నది మాత్రం మగపిల్లలే. స్లిట్స్ అనే అమ్మాయిల బృందాన్ని వేదిక మీద చూశాకగానీ గీనాకి ఇది తనకూ వర్తిస్తుందని తోచలేదు. ఆ ఏడాదే ఆమె, అనా కలిసి రెయిన్‌కోట్స్ మొదలుపెట్టారు. మొదట్లో మగవాళ్లూ ఉండేవారు. తర్వాత స్లిట్స్ నుంచి బయటికొచ్చిన స్పెయిన్ అమ్మాయి పామోలివ్ డ్రమ్స్‌కి, శాస్త్రీయంగా నేర్చుకున్న విక్కీ ఆస్పినల్ వయొలిన్‌కి వచ్చి చేరారు. అంటే నేను గీరుడన్నది రానితనం కాదు. పద్ధతిగా వాయించడం వచ్చిన మనిషే అలా వాయించాలనుకుంది.

పెద్ద కంపెనీలు వీళ్లని అచ్చువేసేవి కావు. పశ్చిమ లండన్‌లో 1976లో పాటల దుకాణంగా మొదలై, 1978లో సొంతంగా రికార్డులు తేవడం ప్రారంభించిన రఫ్ ట్రేడ్ వాళ్లకి చోటిచ్చింది. లాభాన్ని బృందంతో చెరి సగం పంచుకునే సంస్థ అది. మన చిన్న పత్రికల ప్రచురణల్లాంటిదే, లాభం అనే మాట ఒక్కటి తప్ప.

ఆ తొలి రికార్డులో 'ఆఫ్ డ్యూటీ ట్రిప్' అనే పాట ఉంది. సెలవు మీదున్న సైనికుడు ఒక అమ్మాయి మీద చేసిన అత్యాచారం గురించి. 1977లో ఇంగ్లండులో అలాంటి కేసు ఒకటి అప్పీలు కోర్టుకి వెళితే, నేరస్థుడి సైనిక భవిష్యత్తు పాడవుతుందని శిక్ష తగ్గించి వదిలేశారు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు రమీజాబీ గుర్తొచ్చింది. 1978లో హైదరాబాద్‌లో పోలీసులు ఆమెపై అత్యాచారం చేశారు, భర్తని కొట్టి చంపారు. ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని తప్పుపట్టినా, కేసు రాయచూర్‌కి మారి 1981లో నిందితులు విడుదలయ్యారు. ఇక్కడ మన వాళ్లు ఊరేగింపుల్లో నినాదాలిస్తున్న కాలంలోనే, అక్కడ నలుగురు ఆడవాళ్లు గిటారు తీగల మీద అదే కోపాన్ని గీస్తున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఆ పాటని తీయగా ఎలా పాడాలి? తీయగా పాడలేదని నేనెందుకు విసుక్కున్నాను?

అదే రికార్డులో కింక్స్ అనే మగ బృందం 1970లో పాడిన 'లోలా'ని కూడా వీళ్లు పాడారు. ఆడవేషంలో ఉన్న మనిషిని కలిసి తికమకపడిన ఒక కుర్రవాడి పాట అది. ఆడగొంతులు అందుకునేసరికి ఎవరు ఆడ, ఎవరు మగ అన్న తికమక ఇంకో మెలిక తిరిగింది.

1981లో వచ్చిన 'ఆడీషేప్' నాకు అన్నిటికన్నా ఇష్టం. అందులోని పాటలు చాలావరకు డ్రమ్స్ వాయించే మనిషి లేకుండా తయారయ్యాయి. తాళం తర్వాత వచ్చి చేరింది. కలింబా, బలఫోన్ లాంటి ఆఫ్రికా వాద్యాలూ ఉన్నాయి. శ్రుతి తల్లి, లయ తండ్రి అనేవారు మా సంగీతం మేష్టారు. ఇది తండ్రి ఇంటికి ఆలస్యంగా వచ్చే సంసారం. ఆయన వచ్చేలోగా అమ్మ, పిల్లలు తమకి వీలైన నడకలో నడుస్తుంటారు. తన ఒంటి ఆకారం గురించి మథనపడే అమ్మాయి పాట ఆ నడకలో ఎంత సహజంగా ఉంటుందో విని తీరాలి.

మూడో రికార్డు తర్వాత, 1984లో బృందం విడిపోయింది. రికార్డులు దొరకడం మానేశాయి.

ఆ మగమనిషి పేరెత్తకుండా ఈ వ్యాసం ముగించాలనుకున్నాను. కుదరలేదు. 1992లో నిర్వాణా గాయకుడు కర్ట్ కోబేన్ లండన్ వచ్చి, అరిగిపోయిన తన రెయిన్‌కోట్స్ రికార్డుకి బదులు కొత్తది కావాలని రఫ్ ట్రేడ్ దుకాణంలో అడిగాడు. రికార్డు లేదుగానీ అనా దగ్గర్లోనే పాతవస్తువుల కొట్టులో పనిచేస్తోందని చెప్పి పంపారు. ఆమె తర్వాత ఒక ప్రతి సంపాదించి అతనికి పంపింది. ఆ సంగతి అతను తన రికార్డు అట్ట మీద రాసుకున్నాడు. దాంతో మూడు రికార్డులూ మళ్లీ అచ్చయ్యాయి. 1994లో నిర్వాణాతో కలిసి ఇంగ్లండులో కచేరీలు చేయాల్సి ఉండగా, ఏప్రిల్‌లో అతను చనిపోయాడు.

కోబేన్ మీద నాకు కోపం లేదు. తొలి రికార్డు పునర్ముద్రణకి రాసిన మాటల్లో అతను వాళ్లకి మార్కులు వేయలేదు. పాత ఇంట్లో పైన నక్కి, వాళ్లకి తెలియకుండా కదలక మెదలక వింటున్నట్టుంటుందన్నాడు. మన కవయిత్రుల తొలి పుస్తకాలకి మగవాళ్లు రాసే ముందుమాటల్లో అంత వినయం ఎప్పుడైనా చూశామా? నా పేచీ అతని తర్వాత వచ్చిన రాతలతో. ఏ వ్యాసం తీసినా ఆ కొట్టులోకి అతను అడుగుపెట్టడంతోనే మొదలవుతుంది. అప్పటికి పదిహేనేళ్ల కిందటే వాళ్లు పాడడం మొదలుపెట్టారు. 1990ల మొదట్లో అమెరికాలో రయట్ గర్ల్ అమ్మాయిలు తమ ముందుతరంగా చెప్పుకున్నదీ వీళ్లనే. ముద్దుపళనిని 1910లో మళ్లీ అచ్చువేయించడానికి బెంగుళూరు నాగరత్నమ్మ పూనుకుంది కాబట్టి మనకి ఆ కథ వేరే రకంగా దక్కింది. రెయిన్‌కోట్స్ తొలి రికార్డు మీద జెన్ పెల్లీ అనే స్త్రీ పుస్తకం రాసేసరికి 2017 వచ్చింది.

2023 నవంబరులో లండన్‌లోని టేట్ బ్రిటన్ 1970–1990 మధ్య స్త్రీల కళ మీద పెద్ద ప్రదర్శన పెట్టింది. దాని పోస్టరు మీద ఉన్నది నోరంతా తెరిచి అరుస్తున్న గీనా ముఖం. 1977లో, విద్యార్థినిగా ఉన్నప్పుడు, మూడు నిమిషాల ఫిల్ము రీలు అయిపోయేదాకా అరుస్తూ తనని తాను తీసుకున్న చిత్రం. అదే ఏడాది ఆమె గీనా బర్చ్ పేరుతో తొలి సొంత రికార్డు కూడా తెచ్చింది, అరవై దాటిన వయసులో.

నేను సమీక్షించిన ఆ కథల సంపుటి ఇప్పటికీ నా దగ్గరుంది. మొన్న అటక దులుపుతుంటే దొరికితే మళ్లీ చదివాను. మూడో కథలో వంట చేస్తున్న ఆమె ఆలోచన నాలుగుచోట్ల తెగుతుంది. నాలుగుసార్లూ ఎవరో పిలుస్తారు. ఆ తెగిన చోట్లకే అప్పుడు నేను పెన్సిలుతో గీతలు పెట్టాను. ఆ అమ్మాయి రెండో పుస్తకం నాకు తెలిసి రాలేదు. చిరునామా కోసం ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. ఒకరు ఫోన్ నంబరిచ్చారు. ఇంకా చేయలేదు.