గుర్రం తన్నే కౌబాయ్, తీగలు కట్టిన చేతులు

పిన్‌బాల్ అనగానే మనలో చాలామందికి పాత విండోస్ కంప్యూటర్లో పిల్లలు ఆడుకున్న ఆటే గుర్తొస్తుంది. దానికి అమ్మమ్మ వరసయ్యే అసలు యంత్రం వేరే ఉంది. నాలుగు కాళ్ళ మీద ఏటవాలుగా నిలబడే పెద్ద పెట్టె, పైన గాజు, లోపల ఉక్కు గోళీ. గోళీ కిందికి జారిపోకుండా రెండు చిన్న రెక్కలతో పైకి కొడుతూ ఉండాలి. ఆట అంతే.

వాటిలో నాకు బాగా నచ్చింది ‘బకరూ’. అంటే కౌబాయ్ అనే. చికాగోలోని గాట్లీబ్ కంపెనీ 1965లో చేసింది. ఎదురుగా నిలువు గాజు మీద పశువుల కొట్టం, టోపీల మనుషులు. మధ్యలో ఒక గుర్రం వెనక కాళ్ళతో ఫెడీమని తంతే కౌబాయ్ గిర్రున తిరుగుతాడు! పెద్దవాళ్ళకి కూడా నవ్వు ఆగదు.

ఇందులో కంప్యూటర్ చిప్ లేదండీ. గోళీ తగలగానే రెండు లోహపు రేకులు ఒకదానికొకటి ఆనుకుంటాయి, కరెంటు పారుతుంది, తీగచుట్ట అయస్కాంతమై ఇనుప ముక్కని లాగుతుంది, అంకెల చక్రం ఒక పన్ను తిరుగుతుంది, గంట మోగుతుంది.

ఇంత అమాయకమైన ఆటని న్యూయార్క్‌లో 1942లో నిషేధించారంటే నమ్ముతారా? జూదమని, బడిపిల్లల భోజనం డబ్బులు మింగేస్తోందని మేయర్ లా గార్డియా కోపం. పోలీసులు యంత్రాలు పట్టుకొస్తే సుత్తులతో పగలగొట్టించాడు. తల్లిగా ఆయన బాధ నాకు అర్థమవుతుంది. అప్పటి యంత్రాలకి ఈ రెక్కలు లేవు, అంతా అదృష్టమే. 1947లో రెక్కలొచ్చి నేర్పుకి చోటు దొరికింది. అయినా నిషేధం 1976 దాకా పోలేదు. ఇవి తయారయ్యే చికాగోలో కూడా 1970ల దాకా ఆడనివ్వలేదు! కొన్నిచోట్ల ఉచితంగా ఇంకో ఆట ఇవ్వడం కూడా జూదమే అన్నారు. గాట్లీబ్ వాళ్ళు ఆట బదులు ఇంకో గోళీ ఇచ్చే యంత్రాలు చేశారు. బకరూకి అలాంటి చెల్లెలు ‘కౌ పోక్’.

అమెరికాలో మా అబ్బాయి దగ్గరున్నప్పుడు, ఇలాంటి పాత యంత్రాలు బాగుచేసే ఒకాయన ఆట బల్లని కారు బానెట్‌లా పైకెత్తి చూపించారు. అప్పట్నుంచి నా మనసు గుర్రం మీద లేదు, ఆ అడుగు భాగం మీదే ఉంది. రంగురంగుల తీగలు వందలకొద్దీ. గుత్తులుగా చేర్చి, మనం పూలమాల కట్టినట్టు దారంతో వరసగా ముడులేశారు. ప్రతి కొసకీ సాల్డరింగ్.

ఆ కాలంలో చికాగో ఫ్యాక్టరీల్లో ఈ తీగల పని ఎక్కువగా ఆడవాళ్ళదే. మేకులు కొట్టిన చెక్క మీద తీగలు పరిచి, ఏ రంగు ఎటు పోవాలో చూసుకుంటూ కట్టేవారు. ఒక్క తీగ తప్పితే గంట మోగాల్సిన చోట మోగదు.

బకరూ ఎవరు రూపొందించారని అడిగితే వేన్ నైయెన్స్ అంటారు, బొమ్మలు ఆర్ట్ స్టెన్‌హోమ్‌వి అంటారు. మంచిదే, వాళ్ళ పేర్లు నిలవాల్సిందే. తీగలు కట్టినవాళ్ళ పేర్లు మాత్రం ఏ యంత్రం మీదా లేవు. వంట బాగుందని మెచ్చుకుని, వండిందెవరో అడగని ఇళ్ళు మనకి తెలియనివా?

అరవై ఏళ్ళయినా బకరూలో గంట మోగుతోందంటే, ఎవరో ఒకావిడ ఆ రోజు పెట్టిన సాల్డరింగ్ ఇంకా ఊడలేదన్నమాట.