పశువులకు మందుగా వాడిన సువార్త గ్రంథము



ఐర్లండు దేశము నడిమధ్యలో ఆఫలీ అనే కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. పచ్చిక బయళ్లు, ఊబి నేలలు, పశువులు, పాడి. మేము ఆ దేశము చూడలేదు, చదివి తెలుసుకున్నదే మీతో పంచుకుంటున్నాము. పాత కట్టడాలు చూడవచ్చేవారు అక్కడ ముఖ్యముగా రెండు చోట్లకు వెళ్తారు: క్లన్‌మాక్‌నాయిస్, డర్రో. (బర్ కోట తోటలో 1845 నాటి పెద్ద టెలిస్కోపు కూడా ఈ కౌంటీలోనే ఉంది. దాని అద్దము వెడల్పే 6 అడుగులు. ఆ సంగతి ఇంకోసారి.)

క్లన్‌మాక్‌నాయిస్ షానన్ నది ఒడ్డున ఉంది. దేశాన్ని అడ్డముగా దాటే పాత బాట ఆ నదిని అక్కడే కలిసేది. 6వ శతాబ్దము మధ్యలో కియరన్ అనే దైవజనుడు అక్కడ చిన్న చెక్క మందిరము కట్టాడు. ఆ తరువాత ఆయన ఎక్కువ కాలము బ్రతకలేదు, తెగులు సోకి చనిపోయాడు. అయినా ఆ చోటు ఆగలేదు. వందల ఏళ్లు అక్కడ విద్యార్థులు చదివారు, లేఖకులు గ్రంథాలు వ్రాశారు. దోపిడీలూ తక్కువేమీ కావు. సముద్రము మీదుగా వచ్చిన వైకింగులే కాదు, ఐర్లండు రాజులే దానిని ఎన్నోసార్లు కొల్లగొట్టారు. 1106లో మేల్ మురె అనే లేఖకుడిని దోపిడీగాళ్లు ఆ ఆవరణలోనే చంపారు. చివరికి 1552లో ఆథ్లోన్ నుండి వచ్చిన ఇంగ్లీషు సైన్యము గంటలు, పుస్తకాలు, కిటికీ అద్దాలతో సహా ఊడ్చుకుపోయింది.

మిగిలినవాటిలో గొప్పది లేఖనాల సిలువ. ఒకే ఇసుకరాయిలో చెక్కినది, ఎత్తు సుమారు 4 మీటర్లు. 10వ శతాబ్దము తొలినాళ్లలో ఫ్లాన్ అనే రాజు, కోల్మాన్ అనే మఠాధిపతి చేయించారు. ప్రభువు సిలువ మరణము, సమాధి దగ్గర కావలివారు, అంత్య తీర్పు అన్నీ రాతిలోనే కనబడతాయి. అక్షరము రాని పల్లె జనానికి ఆ రాయిని చూపించి చెప్పవచ్చు. వానకు అరిగిపోకుండా అసలు సిలువను లోపలికి మార్చి, బయట నకలు నిలబెట్టారు.

అక్కడే కియరన్ పేరు మీద బహు చిన్న గుడి ఉంది. ఆయనను అందులోనే పాతిపెట్టారని నమ్మకము. దాని నేల బయటి నేలకంటే పల్లముగా ఉంటుంది. కారణమేమిటంటే, చుట్టుపక్కల రైతులు తరతరాలుగా ఆ మట్టిని పిడికెడు పిడికెడుగా తీసుకెళ్లి చేను నాలుగు మూలలా వేసుకునేవారట, పంటకూ పశువుకూ కీడు రాకూడదని.

డర్రో సంగతి ఇంకా విచిత్రము. అది టుల్లమోర్ పట్టణము దగ్గర కొలుంబా స్థాపించిన మఠము. ఆ మఠము పేరుతోనే నాలుగు సువార్తల చేతివ్రాత గ్రంథము ఒకటి ఉంది. సుమారు 700 నాటిది, రంగుల చిత్రాలు, అల్లికల వంటి గీతలు. సిలువ చేయించిన ఆ ఫ్లాన్ రాజే ఈ గ్రంథానికి లోహపు పెట్టె కూడా చేయించాడు, అది ఇప్పుడు లేదు. మఠము పోయాక గ్రంథము ఒక సామాన్యుని చేతికి వచ్చింది. 17వ శతాబ్దములో కానల్ మగేగన్ అనే పండితుడు తన కళ్లతో చూసి వ్రాసిపెట్టాడు: పశువులకు జబ్బు చేస్తే అతడు ఆ గ్రంథము మీద నీళ్లు పోసి, కాసేపు ఉంచి, ఆ నీటిని పశువులకు పట్టేవాడు. పండితునికి అతడు అజ్ఞానిగా కనబడ్డాడు. తరువాత ఆ శతాబ్దములోనే గ్రంథము డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలకు చేరింది, నేటికీ అక్కడే భద్రముగా ఉంది.

మొదట చదివినప్పుడు మేమూ నవ్వుకున్నాము. తరువాత నవ్వు రాలేదు. లోహపు పెట్టెలో దాచిన రాజును ఎవరూ అజ్ఞాని అనలేదు. నీళ్లు పోసినవాడు ఆ పేజీలను పాడుచేసేవాడే, నిజమే. కానీ అతని కొట్టములో ఆవు చస్తున్నది. అందులోని మాటలు లాటిన్‌లో ఉన్నాయి. అతనికి వాటిని చదివి, వాళ్ల భాషలో చెప్పేవారు ఎవరైనా ఉన్నారా?

మన సంఘములోనూ బిడ్డకు జ్వరమొస్తే దిండు కింద బైబిలు పెట్టేవారున్నారు. పోయినేడు గాలికుంటు వచ్చినప్పుడు ఒక సహోదరి కొట్టము గుంజకు సంచిలో బైబిలు వేలాడదీసింది. ఆదివారము ప్రసంగములో మేము పేరు చెప్పకుండా మందలించాము. ఎవరో అందరికీ తెలిసిపోయింది. ఆమె తలవంచుకుని కూర్చుంది.

గేదె బ్రతకలేదు. నాలుగు రోజులకు ఆమె ఆ బైబిలు తెచ్చి మా చేతిలో పెట్టింది. "అయ్యగారూ, నాకు చదువు రాదు. ఇందులో ఏముందో మీరే చదవండి" అంది. ఇరవై ఏళ్లుగా మందిరానికి వస్తున్నది. వాళ్ల ఇంటికి వెళ్లి ప్రార్థన చేసి, టీ తాగి వచ్చామే గాని, కూర్చుని చదివి వినిపించింది లేదు.

ఇప్పుడు మంగళవారము సాయంత్రము వాళ్ల అరుగు మీద చదువుతున్నాము. పక్కింటివాళ్లు ఇద్దరు కూడా వస్తున్నారు. మార్కు సువార్త మూడో అధ్యాయములో ఉన్నాము.