డబ్బా అడుగున దారపు ఉండలు

ముందే ఒప్పేసుకుంటాను. మా ఇంట్లో వాడకుండా పడున్న పాత బియ్యం డబ్బా అడుగున పదకొండు దారపు ఉండలున్నాయి. అందులో ఇత్తడి సామానుందని మా ఆయన నమ్మకం. అల్లిక ఇష్టమైనవాళ్ళకి దారం కొనడం ఒక సరదా, అల్లడం ఇంకో సరదా. రెంటికీ పెద్దగా సంబంధం ఉండదు.

ఇంకోటి కూడా ఉంది. అల్లుతున్నప్పుడు ఎవరు పలకరించినా నా నోట అంకే వస్తుంది. ఓసారి అమ్మ ఫోన్ చేసి "అన్నం తిన్నావా?" అంటే "పదిహేడు" అన్నాను. అమ్మ ఏం కంగారుపడలేదు. నరసాపురం పక్క పల్లెలో పుట్టిన మనిషి కదా, "సరే, వరస అయ్యాక చెయ్యి" అని పెట్టేసింది.

మా వైపు అల్లిక అంటే లేసే. గోదావరి ఉక్కలో ఉన్ని స్వెటర్లెవరికి కావాలి? నూలు దారం, కొసన చిన్న కొక్కెమున్న ఒకే ఒక్క సూది. ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు 1836లో నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో మిషన్ పెట్టాయి. ఆ తర్వాత 1844లో మెక్‌రే అనే మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకి లేసు నేర్పారని చెప్తారు. మరుసటేడు ఐర్లండులో బంగాళాదుంప తెగులుతో కరువొచ్చింది. అక్కడా ఎన్నో ఇళ్ళకి ఇంత తిండి పెట్టింది ఈ కొక్కెం సూదే.

ఒక్కో కుట్టు అయ్యాక సూది మీద నిలిచేది ఒక్క ఉచ్చే. అది జారాక కొస పట్టి లాగితే మూడు గంటల పని సర్రున ఊడి మళ్ళీ దారమైపోతుంది. చిన్నప్పుడు నాకు అదో ఆట. నా పని ఊడదీసుకుంటే ఇప్పటికీ ఆటే. అప్పుడు అమ్మమ్మ పని లాగాను, వీపు మోగింది.

ఎందుకంటే ఆ దారం ఆవిడది కాదు. దారం షావుకారుది. ఏజెంటు ఉండలిచ్చి వెళ్ళేది, పువ్వులు పట్టుకెళ్ళేది. పువ్వులల్లితే చేతిపని, వాటిని కలిపి బల్లగుడ్డో దుప్పటో చేస్తే అతుకుపని. ఒకరల్లిన పువ్వుని ఇంకొకరు అతికేవారు. దుప్పటి పూర్తయ్యాక ఎలా ఉందో పువ్వల్లినావిడకి తెలిసేది కాదు. కూలేమో అల్లిన దారం లెక్కన.

మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త ఇక్కడికొచ్చి ఇళ్ళిళ్ళూ తిరిగి, నరసాపురం లేసు ఆడవాళ్ళ మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఇంటి చాకిరీ కాక రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు పనే అని లెక్క తేల్చింది. వ్యాపారులు మాత్రం దాన్ని గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే పని అన్నారు. తీరిక పనికి కూలెంతిస్తారు? గడప దాటి పొలం పనికెళ్తే పరువు తక్కువనుకునే ఇళ్ళలో ఆ మాట ఆడవాళ్ళూ ఒప్పుకున్నారు. అమ్మమ్మని అడిగినా "ఊరికే కూర్చోలేక" అనే చెప్పేది. చూపుడువేలి పక్కన దారం కోసిన గాడి మాత్రం ఉండేది.

నేను నిజంగానే ఊరికే కూర్చోలేక అల్లుతాను. అందుకే నా సరదాని కాలక్షేపమంటే నాకు కోపం రాదు. అమ్మమ్మ పనిని అలా అంటే వస్తుంది.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేపర్లో చదివి వినిపిస్తే మా పెద్దమ్మ అంతా విని, "పువ్వు రేటు పెంచారా?" అంది.

అమ్మమ్మ ఇంటికోసం అల్లింది ఒక్క కూజా మూతే. పనయ్యాక మిగిలిన మూరెడు ముక్కలు దాచి, ముడులేసి అల్లింది. దగ్గర పెట్టి చూస్తే అందులో నాలుగు రకాల తెలుపు కనబడుతుంది. ఆ నమూనా ఎత్తుదామని మొన్న కూర్చున్నాను. మూడుసార్లు ఊడదీశాను. ఐదో వరసలో ఆవిడ ఒక చైన్ కుట్టు ఎక్కడో మింగేసింది.