పదార్థమా, పేర్పా? – కార్ల్ ఆండ్రే ఇటుక శిల్పాలు

అమెరికా అమూర్త శిల్పి కార్ల్ ఆండ్రే 1935లో క్విన్సీ పట్టణంలో జన్మించాడు. ఓడల నిర్మాణానికీ గ్రానైటు గనులకూ ప్రసిద్ధమైన పట్టణమది. తొలుత కొయ్యదుంగలను చెక్కిన ఆండ్రే 1960–64 మధ్య పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌లో గూడ్సు బండ్లపై పనిచేశాడు. ఒకే తీరు వ్యాగన్లను కలపడం, విడదీయడం అక్కడి నిత్యకృత్యం. తరువాతి శిల్పాలలో చెక్కడం పోయి పేర్చడం ప్రధానమైంది.

1966లో న్యూయార్క్‌లో ప్రదర్శించిన ‘ఈక్వివలెంట్’ శ్రేణిలో ఎనిమిది శిల్పాలున్నాయి. ప్రతిదానిలోనూ రెండు వరుసల ఎత్తున 120 ఇసుక–సున్నపు ఇటుకలు; ఘనపరిమాణం సమానం, ఆకృతి భిన్నం. వాటిని కలిపే సిమెంటు లేదు. అమ్ముడుపోని ఇటుకలు కర్మాగారానికే తిరిగివెళ్లాయి. 1969లో మళ్లీ నిర్మించబోయేసరికి ఆ కర్మాగారం మూతపడింది. అందువల్ల ఆండ్రే కొలిమి ఇటుకలను స్వీకరించాడు. లండన్‌లోని టేట్ గ్యాలరీ 1972లో కొన్న ఎనిమిదవ శిల్పం ఈ ఇటుకలదే. 1976లో బ్రిటిష్ పత్రికలు దానిని ప్రజాధన దుర్వినియోగమని నిరసించాయి.

ఇటుక మారినా శిల్పం నిలిచింది. కనుక దాని శిల్పత్వం పదార్థంలో కంటె పేర్పులోనే ఉన్నదనాలి. అయితే ఇటుక ఎందుకు మారిందన్న ప్రశ్నకు సమాధానం పరిశ్రమ చరిత్రలో ఉంది. అమూర్తకళ చరిత్రకు అతీతమన్న వాదం ఇక్కడ నిలవదు.