టు-95: ప్రొపెల్లర్లతోనే నెగ్గుకొచ్చిన బాంబర్

జెట్ యుగంలో ప్రొపెల్లర్ల బాంబర్‌ను తయారుచేయడం సోవియట్ వెనుకబాటుకు గుర్తని అనేవారున్నారు. టు-95 చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు. 1950ల తొలినాళ్ల జెట్ ఇంజన్లు ఇంధనాన్ని విపరీతంగా తాగేవి. అమెరికా దాకా వెళ్లి తిరిగి రావాలన్న షరతును మ్యాసిష్చెవ్ బృందపు జెట్ బాంబర్ ఎం-4 అందుకోలేకపోయింది. టు-95 రూపకర్త తుపోలెవ్ మాత్రం ప్రొపెల్లర్లను తిప్పే టర్బైన్ ఇంజన్‌ను, అంటే టర్బోప్రాప్‌ను ఎంచుకున్నాడు. 1952లో ఎగిరిన తొలి నమూనా మరుసటి ఏడాదే ఇంజన్‌లో మంటలు లేచి కూలిపోయినా పట్టు విడవలేదు. తర్వాత వచ్చిన ఎన్‌కె-12 ఇంజన్‌కు ఒకదాని వెనుక ఒకటిగా, వ్యతిరేక దిశల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లుంటాయి. వాటికి వెనక్కి వాలిన రెక్కలు తోడై, జెట్ విమానాలకు చేరువైన వేగం దక్కింది. చెవులు చిల్లులుపడే మోత దానికి చెల్లించిన మూల్యం.

విమాన విధ్వంసక క్షిపణుల ముందు ఇంత పెద్ద విమానం నిలవదన్నది ఇంకా గట్టి అభ్యంతరం. అది నిజమే, 1961లో నొవాయా జెమ్ల్యాపై అతిపెద్ద హైడ్రోజన్ బాంబును జారవిడిచిన టు-95వి తరహా దాడి యుద్ధంలో సాగేది కాదు. అయితే దూరం నుంచే క్రూయిజ్ క్షిపణిని వదిలే వాహనానికి వేగంకన్నా ఓపిక ముఖ్యం. క్షిపణులు మోసే టు-95ఎంఎస్‌కు ఆధారం పాత బాంబర్ కాదు, జలాంతర్గాములను వేటాడే టు-142. భారత నౌకాదళం 1988 నుంచి 2017 వరకు నడిపిన ఆ రకం విమానమొకటి విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉంది. ఎంఎస్ ఉత్పత్తి 1990ల ఆరంభంలోనే ఆగిపోయింది కనుక, 2025 జూన్‌లో ఉక్రెయిన్ డ్రోన్లు రష్యాలో ధ్వంసం చేసినవాటికి బదులు కొత్తవి రావు.